దుకాణం ఎవరి నిర్ణయం? – రంప నుంచి దూబగుంట దాకా మద్యం, నైతికబాధ్యత: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగునాట మద్యంతో ముడిపడిన ప్రజాపోరాటాలలో రెండు ముఖ్యమైనవి. మొదటిది 1879లో గోదావరి జిల్లా మన్యంలో జరిగిన రంప తిరుగుబాటు. దాని కారణాలలో ప్రధానమైనది కల్లుగీతపై ప్రభుత్వం తెచ్చిన కొత్త ఆబ్కారీ నిబంధన. రెండవది 1992లో నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో మొదలై రాష్ట్రమంతటా వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమం. మొదటివారు తమ కల్లు తమకు కావాలన్నారు. రెండవవారు తమ ఊళ్లో సారా వద్దన్నారు.

మద్యపానం పాపమని నమ్మేవారికి మొదటి పోరాటం దుర్వ్యసనాన్ని కాపాడుకోవడానికి చేసినదిగా కనిపిస్తుంది. వ్యక్తిస్వేచ్ఛను అన్నిటికన్నా మిన్నగా భావించేవారికి రెండవ పోరాటం పరుల అలవాట్లలో జోక్యంగా తోస్తుంది. ఈ రెండింటినీ ఒకే నైతికసూత్రంతో సమర్థించడం సాధ్యమా అన్నది ఈ వ్యాసంలో చర్చించదలచిన ప్రశ్న. సాధ్యమేనన్నది ఇక్కడి ప్రతిపాదన. అయితే అందుకు మద్యాన్ని గురించి మనం సాధారణంగా వేసుకునే ప్రశ్ననే మార్చుకోవలసి ఉంటుంది. ‘తాగడం తప్పా?’ అన్న ప్రశ్న తాగేవాడి దగ్గరే ఆగిపోతుంది. ‘దుకాణం పెట్టాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయించాలి?’ అన్న ప్రశ్న అమ్మేవారినీ, అమ్మించేవారినీ, నష్టపోయేవారినీ కూడా విచారణలోకి తెస్తుంది.

పాపం, పర్యవేక్షణ: రెండు ప్రాచీన దృష్టులు

భారతీయ వాఙ్మయంలో మద్యం పట్ల రెండు భిన్నదృష్టులు కనిపిస్తాయి. ధర్మశాస్త్రాలది మొదటి దృష్టి. మనుస్మృతి సురాపానాన్ని బ్రహ్మహత్యతో పాటు మహాపాతకాలలో చేర్చి, కఠినమైన ప్రాయశ్చిత్తాన్ని విధించింది. ఈ నిషేధం ప్రధానంగా ద్విజులను ఉద్దేశించినది. అంటే ఇక్కడ మద్యం నైతికసమస్య కావడానికి ముందే వర్ణశుద్ధి సమస్య అయింది. తాగకపోవడం పైమెట్టుకు గుర్తు, తాగడం కిందిమెట్టుకు గుర్తు అన్న భావన ఇందులోంచి బలపడింది. ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అని పిలిచిన ప్రక్రియలో కులాలు పైమెట్టుకు చేరడానికి మద్యం మానడాన్ని ఒక మార్గంగా ఎంచుకోవడం ఈ భావనకు కొనసాగింపే.

రెండవది అర్థశాస్త్రం దృష్టి. కౌటిల్యుడు రెండవ అధికరణంలో సురాధ్యక్షుడి విధులను వివరించాడు. మద్యం ఎక్కడ అమ్మాలి, ఎంత అమ్మాలి, పానశాలలో గదులూ ఆసనాలూ ఎలా ఉండాలి, అక్కడ కూర్చున్నవారి ఖర్చులను గూఢచారులు ఎలా గమనించాలి అన్నవి ఆ ప్రకరణంలో ఉన్నాయి. అక్కడ పాపపుణ్యాల ప్రసక్తి లేదు. మద్యం రాజుకు ఆదాయం, నిఘాకు అవకాశం. అయినా ఆ ప్రకరణం ఒక మినహాయింపును ఇచ్చింది. గృహస్థులు శుభకార్యాలకు ఇంట్లోనే ఒక రకం సుర తయారుచేసుకోవచ్చు. ఉత్సవాలలో, యాత్రలలో నాలుగురోజుల పాటు తయారీకి అనుమతి ఉంది. రాజు గుత్తాధికారం ఎంత విస్తృతమైనదైనా ఇంటికీ, పండుగకూ సంబంధించిన కొంతమేర దానికి వెలుపల ఉండాలన్న ఎరుక ఇందులో కనిపిస్తుంది.

ఈ రెండు దృష్టులకూ ఒక లోపం సమానంగా ఉంది. ధర్మశాస్త్రం తాగేవాడిని చూసింది, అర్థశాస్త్రం కోశాగారాన్ని చూసింది. తాగేవాడి ఇంట్లో పస్తున్నవారు రెండింటిలోనూ ప్రధానపాత్రలు కారు.

కల్లు, సారా: వస్తుభేదం, సంబంధభేదం

మద్యం చర్చలో కల్లునూ సారానూ ఒకే గాటన కట్టడం పరిపాటి. సామాజికచరిత్ర దృష్టితో చూస్తే వీటి మధ్య భేదం మత్తు పాళ్లకే పరిమితం కాదు. కల్లు తాటి, ఈత, జీలుగు వంటి చెట్ల నుంచి దిగుతుంది. దించిన గంటల్లోనే పులుస్తుంది, ఎక్కువకాలం నిలవ ఉండదు. అందువల్ల అది చెట్టుకు దూరంగా పోలేదు, ఋతువును దాటలేదు. గీసేవాడెవరో తాగేవాడికి తెలుసు, తాగేవాడెవరో గీసేవాడికి తెలుసు. గౌడ, ఈడిగ, శెట్టిబలిజ, శ్రీశయన, యాత వంటి కులాలవారికి అది వృత్తి. మోకు, ముస్తాదు, లొట్టి వంటి మాటలు ఆ వృత్తిలోంచి వచ్చినవే. తెలంగాణలో గ్రామదేవతకు కల్లుతో సాక పోస్తారు. గౌడులు కాటమయ్యకు మొక్కి చెట్టెక్కుతారు. మన్యంలోని కోయలకూ కొండరెడ్లకూ జీలుగుకల్లు ఒక ఋతువులో ఆహారంలో భాగం.

సారా సంగతి వేరు. బట్టీ పెట్టి తీసిన సారా నెలల తరబడి నిలవ ఉంటుంది. పీపాల్లో, సీసాల్లో, తరువాతి కాలంలో ప్లాస్టిక్ పొట్లాల్లో ఎంతదూరమైనా పోతుంది. దానిని లెక్కకట్టవచ్చు, వేలం వేయవచ్చు. కాలమూ దూరమూ కల్లుకు విధించిన హద్దులు సారాకు లేవు. ఆ హద్దులు తొలగినచోటనే మద్యం ఊరి వ్యవహారం నుంచి ఖజానా వ్యవహారంగా మారడం సులువైంది.

ఇంతమాత్రాన కల్లును ఆదర్శీకరించవలసిన పనిలేదు. కల్లు దగ్గర కూడా కులాల ఎడం పాటించిన చరిత్ర ఉంది. ఇటీవలి దశాబ్దాల్లో తెలంగాణలోని కొన్నిచోట్ల క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం వంటి మందులు కలిపి అమ్మిన కల్తీకల్లు ఎందరినో బానిసలను చేసింది. ఈ కల్తీ కూడా పై వాదాన్నే బలపరుస్తుంది. చెట్టుతో, ఋతువుతో, గీసేవాడి ముఖపరిచయంతో సంబంధం తెగి డిపోల వ్యాపారంగా మారినప్పుడు కల్లు సైతం సారా స్వభావాన్ని పొందుతుంది.

రంప: తాగే హక్కు కాదు, తమదైన హక్కు

‘ఆబ్కారీ’ పారసీకపదం. ‘ఆబ్’ అంటే నీరు, ‘కారీ’ అంటే పని. ఈ చల్లని మాట కిందనే ఆంగ్లేయ ప్రభుత్వం మద్యంపై తన గుత్తాధికారాన్ని స్థాపించింది. గీతహక్కులనూ అమ్మకాలనూ గుత్తకు ఇవ్వడం, చెట్టుకు పన్ను కట్టడం, సారా తయారీని కొద్దిమంది చేతుల్లో కేంద్రీకరించడం అంచెలంచెలుగా జరిగాయి. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం ఈ వ్యవస్థకు స్థిరరూపాన్నిచ్చింది.

ఈ క్రమంలోనే మన్యంలో ఘర్షణ వచ్చింది. రంప మన్సబుదారు అప్పటికే కల్లుపై ‘చిగురుపన్ను’ వసూలు చేస్తున్నాడు. దానికి తోడు, సొంతవాడకానికి కూడా రుసుము లేకుండా కల్లు గీయరాదన్న కొత్త ఆబ్కారీ నిబంధన వచ్చింది. కల్లు ఆదాయం గుత్తేదారుల పరమైంది. మన్సబుదారు దోపిడి, పోలీసుల బలవంతపు వసూళ్లు, మైదానపు వర్తకులు కోర్టుల ద్వారా సాగించిన అన్యాయాలు కూడా కలిసి 1879 మార్చిలో తిరుగుబాటు రేగింది. కారణాలు అనేకమైనా, ప్రతి ఇంటినీ నేరుగా తాకింది కల్లుపన్నే.

దీనిని తాగుడుకోసం చేసిన తిరుగుబాటు అనడం పొరపాటు. తమ అడవిలోని చెట్టు నుంచి తమ ఇంటికోసం దించుకునేదానికి ఎక్కడో ఉన్న ప్రభుత్వం యజమాని ఎలా అయిందన్నదే అక్కడి వివాదం. దీనికి బలమైన సాక్ష్యం అదే మన్యం చరిత్రలో ఉంది. 1922 ఆగస్టులో సాయుధపోరాటం మొదలుపెట్టడానికి ముందు అల్లూరి సీతారామరాజు అదే కొండప్రజలకు తాగుడు మానమని, తగవులకు కోర్టులకెక్కక పంచాయతీలలో తీర్చుకోమని బోధించాడు. ఎందరో ఆ మాట విన్నారు. 1879లో కల్లుహక్కుకోసం తిరగబడినవారి తరువాతి తరంలోనే ఇది జరిగింది. ఇందులో విరోధం లేదు. కల్లు గీసుకోవడమూ, మానుకోవడమూ తమ నిర్ణయాలే కావాలన్నది రెండు సందర్భాలకూ సమానం.

సంస్కరణ నుంచి శాసనం దాకా

ఆధునిక తెలుగు సాహిత్యం మద్యాన్ని రెండు విధాల చూసింది. సంస్కరణోద్యమ రచనలలో తాగుడు విసర్జించదగిన దురాచారం. గురజాడ చూపు ఇంకొంత సూక్ష్మమైనది. 1909 నాటి ‘కన్యాశుల్కం’లోని సారా దుకాణం రంగంలో బైరాగి మొదలైన భిన్నమతస్థులు ఒకచోట చేరి తాగుతూ వేదాంతం మాట్లాడతారు. అక్కడ నవ్వులపాలైనది తాగుడుకన్నా, తాగుడుకు తత్త్వం తొడిగిన కపటత్వమే. దుకాణం సమాజంలోని ముసుగులు జారిపోయే స్థలంగా ఆ రంగంలో కనిపిస్తుంది.

జాతీయోద్యమం ఈ సంస్కరణభావాన్ని రాజకీయకార్యక్రమంగా మార్చింది. సహాయనిరాకరణ కాలంలో కల్లుదుకాణాల వద్ద పికెటింగు పరప్రభుత్వ ఆదాయాన్ని దెబ్బతీసే చర్యగా కూడా సాగింది. 1937లో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాలో మద్యనిషేధాన్ని ప్రవేశపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పోయిన ఆదాయానికి ప్రత్యామ్నాయంగా 1939లో అమ్మకపు పన్నును తెచ్చింది. ఈ చర్యలోని నిజాయితీని గుర్తించాలి. నైతికనిర్ణయానికి అయ్యే ఖర్చును ప్రభుత్వం తన లెక్కల్లోనే చూపింది. తరువాతి నిషేధాలలో ఈ లక్షణం అంతగా కనిపించదు.

స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధాన్ని ఆదేశసూత్రాలలో చేర్చింది. అయినా మద్యవిధానం మంత్రివర్గాల బలాబలాల చుట్టూ తిరిగింది. ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధ విధానం మీది అవిశ్వాసతీర్మానంతోనే పడిపోయింది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చింది. 1980లలో ‘వారుణివాహిని’ పేరుతో పొట్లాల సారా పల్లెపల్లెకూ చేరింది. పరాయిప్రభుత్వం ఖజానా నింపుతుందని ఏ దుకాణాల ముందు బైఠాయించారో, ఆ దుకాణాలే స్వప్రభుత్వపు ఖజానాకు ఆధారమయ్యాయి.

దూబగుంట: ప్రశ్న మారిన చోటు

1991లో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షరాస్యతా కార్యక్రమంలో వయోజనుల వాచకాలు నిత్యజీవిత సమస్యలను పాఠాలుగా చేశాయి. వాటిలో సారా వల్ల చితికిన సంసారాన్ని చెప్పిన ‘సీతమ్మ కథ’ ఒకటి. రాత్రిబడిలో చదువుకుంటున్న దూబగుంట స్త్రీలు ఆ పాఠంలో తమ బతుకును చూసుకున్నారు. రోశమ్మ వంటివారు ముందు నిలవగా తమ ఊరి సారాదుకాణాన్ని మూయించారు. ఉద్యమం ఊరూరా పాకింది. జిల్లాలో సారా వేలంపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమూ, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధమూ అమలులోకి వచ్చాయి. 1997లో సంపూర్ణనిషేధాన్ని ఎత్తివేశారు. సారా నిషేధం మిగిలింది.

ఈ ఉద్యమపు నైతికవిశిష్టత దాని విజయాపజయాలలో లేదు, అది వేసిన ప్రశ్నలో ఉంది. ఆ స్త్రీలు భర్తలకు శీలబోధ చేయడంతో సరిపెట్టుకోలేదు, తాగేవారిని పాపులని వెలివేయలేదు. దుకాణం దగ్గరికీ, వేలంపాట దగ్గరికీ, కలెక్టరు కచేరీ దగ్గరికీ నడిచారు. తాగునీరు సరిగా అందని ఊరికి సారా మాత్రం ఎలా అందుతున్నదని అడిగారు. ఇది సామాన్యమైన మలుపు కాదు. మన భాషలో ‘తాగుబోతు’ అన్న నిందార్థకపదం ఉంది. తాగించి సంపాదించేవాడికి అంతటి నిందను మోసే పదం లేదు. అతడు కాంట్రాక్టరు, ప్రభుత్వం పక్షాన చూస్తే ‘ఆదాయశాఖ’. బాధ్యతనంతా తాగేవాడి మీదికి నెట్టే ఈ పదజాలాన్ని దూబగుంట స్త్రీలు ఆచరణలో తిరగరాశారు.

సంపూర్ణనిషేధం ఎత్తివేతను ఉద్యమవైఫల్యంగా భావించేవారున్నారు. మరొక వ్యాఖ్యకు అవకాశముంది. స్త్రీలు కోరినది తమ ఊరి దుకాణంపై నిర్ణయాధికారం. ప్రభుత్వం ఇచ్చినది తన నిర్ణయం. ఈ రెండూ అప్పటికి ఒకే ఫలితాన్ని ఇచ్చాయి గనుక భేదం మరుగునపడింది. ఒక సంతకంతో వచ్చిన నిషేధం మరొక సంతకంతో పోగలదు. నిర్ణయాధికారమే ఊరికి దక్కి ఉంటే దానిని తొలగించడం అంత సులువయ్యేది కాదు.

స్వేచ్ఛావాదపు అభ్యంతరం

ఈ వాదానికి ఎదురయ్యే బలమైన తాత్త్వికాభ్యంతరం జాన్ స్టూవర్ట్ మిల్ నుంచి వస్తుంది. 1859లో వెలువడిన స్వేచ్ఛావిషయక గ్రంథంలో ఆయన మద్యనిషేధ చట్టాలను నేరుగా ఖండించాడు. పరులకు హాని కలగనంతవరకు వ్యక్తి అలవాట్లలో జోక్యం చేసుకునే అధికారం సమాజానికి లేదన్నాడు. తాగుడు వల్ల కుటుంబాన్ని పోషించలేనివాడిని శిక్షించవచ్చు, అయితే ఆ శిక్ష బాధ్యత తప్పినందుకే గాని తాగినందుకు కాదన్నాడు. పానశాలల సంఖ్యను తగ్గించడం శ్రామికులను పసిపిల్లలుగా చూడడమేనని కూడా అన్నాడు. ఈ చివరి మాట మనకు తగులుతుంది. 1993లో పేదల సారాపై నిషేధం వచ్చింది, సంపన్నుల విదేశీమద్యం 1995 దాకా యథేచ్ఛగా అమ్ముడుపోయింది. సారా పోయినా తాగుడు పోలేదు, ఖరీదు మాత్రం పెరిగింది. పేదవాడి తాగుడును మాత్రమే నైతికసమస్యగా చూసే ధోరణి ఇందులో ఉందన్న విమర్శను తోసిపుచ్చలేం.

మిల్ వాదంలో రెండు ఊహలు దాగి ఉన్నాయి. మొదటిది, కూలి డబ్బు తాగేవాడి సొంతమన్న ఊహ. దూబగుంట వంటి ఊళ్లో స్త్రీపురుషులిద్దరూ కూలికి పోతారు. ఆ రాబడి పిల్లల తిండికీ, అప్పుకూ, మందులకూ ముందే పంచబడి ఉంటుంది. అందులోంచి తీసి ఖర్చుపెట్టడం సొంతవిషయంలో స్వేచ్ఛ అనిపించుకోదు. హాని జరిగాక శిక్షించమనడం ఆకలికి పరిష్కారం కాదు. పస్తున్న పిల్లకు తండ్రి జైలుపాలు కావడం రెండవ శిక్ష అవుతుంది.

రెండవ ఊహ ప్రభుత్వం తటస్థమన్నది. తాగుడును పెంచడంలో అమ్మేవాడికి స్వార్థం ఉంటుంది గనుక అమ్మేవాడిపై ఆంక్షలు న్యాయమేనని మిల్ స్వయంగా ఒప్పుకున్నాడు. అమ్మకంలో ప్రధానలబ్ధిదారు ప్రభుత్వమే అయినప్పుడు ఆ ఆంక్షలు ఎవరు పెట్టాలి? 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీ లండన్ కచేరీలో ఉద్యోగం చేసిన మిల్‌కు, ఆ కంపెనీ ఇక్కడ ఆబ్కారీ వసూలు చేసినా, ఈ ప్రశ్న ఎదురైనట్లు ఆ గ్రంథంలో కనిపించదు. మన కాలంలో ఇది మరింత పదునెక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా చిల్లరదుకాణాలను ప్రభుత్వమే నడిపింది. తెలంగాణలో 2023లో 2,620 దుకాణాల కేటాయింపుకు 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తిరిగి ఇవ్వని రెండు లక్షల రూపాయల రుసుము చొప్పున, ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు రెండున్నర వేల కోట్ల రూపాయలకు పైగా చేరింది. ఇంతటి రాబడి పొందే సంస్థ ‘తాగడం వ్యక్తిగతవిషయం’ అన్నప్పుడు ఆ మాట స్వేచ్ఛావాదం కాదు, బాధ్యత నుంచి తప్పుకోవడం.

దుకాణం, నోరు: ఒక విభజన

ఊరికే నిర్ణయాధికారం ఉండాలంటే మరొక భయం కలుగుతుంది. మెజారిటీ పేరుతో ఊరి పెద్దలు గీతవృత్తివారి జీవికను తీసివేయవచ్చు. ఒకరి ఇంటి పండుగలోకి తొంగిచూడవచ్చు. ఈ భయం సహేతుకమైనదే. నిషేధాలు వచ్చినప్పుడల్లా చెట్టెక్కేవాడు ముందుగా దెబ్బతిన్నాడు. దొంగసారా, బెల్టుదుకాణాలు, వాటి వెంట మామూళ్లు పెరిగాయి.

దీనికి సమాధానంగా దుకాణాన్నీ నోటినీ వేరుచేసి చూడాలి. ఎవరు ఏమి తాగాలన్నది ఊరి ఓటుకు లోబడే విషయం కాదు. లాభంకోసం బయటినుంచి వచ్చి ఊరి మధ్య తెరిచే దుకాణం మాత్రం బడి, బావి, రహదారి వలె సామూహికవిషయం. దాని ఫలితాలను ఊరంతా అనుభవిస్తుంది గనుక దానికి ఊరి అంగీకారం అవసరం. ఆ అంగీకారంలో, నష్టాన్ని ఎక్కువగా భరించే స్త్రీల మాటకు తగిన బరువుండాలి. ఈ విభజనతో చూస్తే రంపలో రాజ్యం ఇంటి హద్దు దాటి లోపలికి వచ్చింది, దూబగుంటలో ఊరి అనుమతి లేకుండా ఊళ్లోకి వచ్చింది. రెండుచోట్లా ఎదిరించినది ఒకే అతిక్రమణను.

ముగింపు

ఈ సూత్రం కేవలం ఊహాజనితం కాదు. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 నాటి ‘పెసా’ చట్టం, మత్తుపదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీలకు ఉండాలని చెప్పింది. రంప మన్యం నేడు ఆ చట్టపరిధిలో ఉంది. 1879లో ఆ కొండలవారు ఆయుధాలు పట్టి కోరినది, నూటపదిహేడేళ్ల తరువాత కాగితం మీదనైనా చట్టమైంది. అమలు ఎంతవరకు జరిగిందన్నది వేరే విచారణ. దూబగుంట మాత్రం మైదానప్రాంతం. అక్కడి స్త్రీలకు ఆ హక్కు నేటికీ లేదు. కొండమీద న్యాయమైనది మైదానంలో ఎందుకు న్యాయం కాదన్న ప్రశ్నకు ఆదాయం తప్ప మరొక సమాధానం దొరకదు.

మద్యాన్ని గురించిన మన నైతికచర్చ శతాబ్దాలుగా తాగేవాడి మంచిచెడ్డల దగ్గరే తిరిగింది. అతడి బాధ్యతను ఎవరూ కాదనరు. అయితే అతడికన్నా ముందు ఆ ఊరికి దుకాణాన్ని తెచ్చినవారి బాధ్యత మొదలవుతుంది. తెలుగు సమాజంలో ఈ మాటను మొదట స్పష్టంగా అన్నవారు శాస్త్రకారులు కారు, రాత్రిబడిలో అప్పుడే అక్షరాలు దిద్దుతున్న కూలి స్త్రీలు. వారి ప్రశ్నను ఒక ఉద్యమచరిత్రగా మాత్రమే నమోదు చేసి ఊరుకోకుండా, నీతిశాస్త్రానికి అందిన ప్రతిపాదనగా స్వీకరించి విచారించడం మన పరిశోధనల ముందున్న పని.